టైటానిక్ నాలుగో నంబరు పిల్లవాడు: సమాధి తవ్వి మరీ పేరు వెతకాలా?

పాతకాగితాలు
టైటానిక్ మునిగిన తర్వాత సముద్రంలో దొరికిన మృతదేహాల సంగతి కొంతకాలంగా చదువుతున్నాను. మంచుకొండ గురించి, పడవలు చాలకపోవడం గురించి, చివరిదాకా వాయించిన బ్యాండు గురించి రాయని వాళ్లు లేరు. ఆ తర్వాతి వారాల్లో ఏం జరిగిందో రాసేవాళ్లే తక్కువ.

సుమారు 1,500 మంది పోతే దొరికిన మృతదేహాలు 340 లోపే. అందులో కొన్నిటిని మళ్లీ సముద్రానికే అప్పగించారు. 209 మృతదేహాలు కెనడాలోని హాలిఫాక్స్ రేవుకు చేరాయి. బంధువులు తీసుకెళ్లినవి పోగా 150 మందిని ఆ ఊళ్లోనే మూడు శ్మశానాల్లో ఖననం చేశారు. వాళ్లలో దాదాపు 40 మంది ఎవరో నేటికీ తెలియదు. రాయి మీద ఒక నంబరు, 1912 ఏప్రిల్ 15 అనే తేదీ. అంతే.

నా గొడవ అందులో ఒక పసివాడి గురించి. నాలుగో నంబరు. తొంభై ఏళ్లు వాడు స్వీడన్ పిల్లవాడనుకున్నారు. 2001లో సమాధి తవ్వారు. 2002లో ఫిన్లాండ్ పిల్లవాడన్నారు. 2007లో అదీ కాదు, ఇంగ్లండ్ పిల్లవాడన్నారు. అసలు ఆ పిల్లవాడి అమ్మా నాన్నా అన్నలూ అక్కలూ అందరూ అదే ఓడలో పోయారు. ఎదురుచూసే వాళ్లెవరూ మిగల్లేదు. మరి ఎవరి కోసం ఆ మట్టి తవ్వినట్టు? తెలుసుకోవాలనే మన దురద తప్ప ఇందులో ఇంకేమైనా ఉందా?

నిమ్మతొన
మూడు దేశాల పౌరసత్వం వచ్చింది పాపం, ఒక్క ఊరికీ చేరకుండానే.

హాలిఫాక్స్_చలి
ఉద్యోగం కోసం ఈ ఊరికి వచ్చి స్థిరపడిన వాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీరు చెప్పిన మూడింటిలో పెద్దది ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానం, అక్కడ 121 మంది ఉన్నారు. మౌంట్ ఆలివెట్ అనే కాథలిక్కు శ్మశానంలో 19 మంది, బారన్ డి హిర్ష్ అనే యూదుల శ్మశానంలో 10 మంది.

ఫెయిర్‌వ్యూ ఊరి మధ్యలోనే ఉంటుంది, పక్కనే రోడ్డు మీద లారీలు తిరుగుతుంటాయి. వాలుగా ఉన్న నేల. రాళ్లన్నీ ఒకే తరహా, మోకాలి ఎత్తు కూడా ఉండని గ్రానైట్ దిమ్మెలు, వంపు తిరిగిన వరుసల్లో ఉంటాయి. పైనుంచి చూస్తే ఓడ ముక్కులాగా కనిపిస్తుంది. కావాలని అలా పెట్టారా, నేల వాలును బట్టి అలా కుదిరిందా అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. చిన్న దిమ్మెల ఖర్చు ఓడ కంపెనీ వైట్ స్టార్ లైన్ పెట్టుకుంది. పెద్ద రాయి కావాలంటే బంధువులే డబ్బు కట్టుకోవాలి.

పిల్లవాడి రాయి మాత్రం మిగతావాటికంటే పెద్దది. దాని ఖర్చు కంపెనీ పెట్టలేదు, బంధువులూ పెట్టలేదు. మృతదేహాలను వెతకడానికి వెళ్లిన మాకే-బెనెట్ ఓడ నావికులు జీతాల్లోంచి చందాలు వేసుకుని పెట్టించారు. టైటానిక్ ప్రమాదంలో దొరికిన గుర్తుతెలియని శిశువు జ్ఞాపకార్థం అని చెక్కించారు. దాని చుట్టూ ఎప్పుడు చూసినా బొమ్మలు, చిన్న కార్లు, టెడ్డీ బేర్లు ఉంటాయి. వానకు తడిసి రంగు వెలిసిపోతుంటాయి, ఎవరో కొత్తవి తెచ్చి పెడుతుంటారు.

మూడోకన్ను
టైటానిక్ సినిమా హీరో జాక్ డాసన్ సమాధి కూడా అక్కడే ఉందట కదా? జే. డాసన్ అని రాసి ఉంటుందని మా చెల్లి చెప్పింది. నమ్మాలా వద్దా?

హాలిఫాక్స్_చలి
రాయి నిజమే, హీరో అబద్ధం. 227వ నంబరు, జోసెఫ్ డాసన్. డబ్లిన్‌వాడు, ఓడ అడుగున బొగ్గు సర్దే పని చేసేవాడు. 1997లో సినిమా వచ్చాక అమ్మాయిలు వచ్చి ఆ రాయి మీద పూలు పెట్టి ఏడ్చి వెళ్లేవారు. బతికినన్నాళ్లూ బొగ్గు మసిలో పనిచేసిన మనిషికి ఆలస్యంగానైనా పూలు దక్కాయి, నాకు అభ్యంతరం లేదు.

గుమాస్తా_గిరి
ఈ చర్చలో అసలు మనిషి పేరు ఇంకా ఎవరూ చెప్పలేదు. జాన్ హెన్రీ బార్న్‌స్టెడ్. హాలిఫాక్స్‌లో మరణాల రిజిస్ట్రేషన్ చూసిన అధికారి. నేను జనన మరణాల సెక్షన్‌లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి నాకు ఆయన మీద పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నాను.

మాకే-బెనెట్ అసలు పని సముద్రం అడుగున ఉండే టెలిగ్రాఫ్ తీగలను బాగుచేయడం. ఏప్రిల్ 17న శవపేటికలు, టన్నుల కొద్దీ మంచు, శవాలు చెడిపోకుండా చేసే మందులు, ఒక మతగురువును ఎక్కించుకుని బయలుదేరింది. బార్న్‌స్టెడ్ పెట్టిన పద్ధతి చాలా మామూలుది. నీళ్లలోంచి తీసిన వరుసలో ప్రతి మృతదేహానికీ ఒక నంబరు. అదే నంబరు వేసిన గుడ్డ సంచి. జేబుల్లో ఏముంటే అది, ఉంగరం, గడియారం, ఉత్తరం, తాళంచెవి, అంతా ఆ సంచిలోకి. రిజిస్టరులో అదే నంబరు కింద జుట్టు రంగు, ఎత్తు, సుమారు వయసు, ఒంటి మీది బట్టలు, పచ్చబొట్లు. మనిషి ఒకచోట, సంచి ఒకచోట, కాగితం ఇంకొకచోట ఉన్నా నంబరు మూడింటినీ కలుపుతుంది.

కోటీశ్వరుడు ఆస్టర్‌ను చొక్కా కాలరు మీది అక్షరాలతో గుర్తుపట్టారు, ఆయన 124వ నంబరు. నావికులను చాలామందిని పచ్చబొట్లే పట్టించాయి. నాలుగో నంబరు కింద ఏం రాశారో చూడండి. సుమారు రెండేళ్ల మగపిల్లవాడు, లేత రంగు జుట్టు, మెడకూ చేతులకూ బొచ్చు కుట్టిన బూడిదరంగు కోటు, గోధుమరంగు గౌను, గులాబీరంగు ఉన్ని బనియను, గోధుమరంగు బూట్లు, మేజోళ్లు. బహుశా మూడో తరగతి. ఊగిపోతున్న ఓడ మీద, గడ్డకట్టే చలిలో, చేతిలో పసివాడి శవంతో ఎవరో బనియను రంగు కూడా రాశారు. అయిదేళ్ల తర్వాత, 1917 డిసెంబరులో, మందుగుండు ఓడ పేలి ఇదే ఊరు సగం నాశనమై దాదాపు 2,000 మంది పోయినప్పుడు బార్న్‌స్టెడ్ కొడుకు ఆర్థర్ ఇదే పద్ధతి వాడాడు.

మా ఆఫీసులో కొన్ని రిజిస్టర్లలో ‘గుర్తుతెలియని పురుషుడు, వయసు సుమారు 40’ అని మాత్రమే రాసి పేజీ మూసేసినవి చూశాను. ఆ రాత రాసినవాణ్ణి పిలిచి నాలుగో నంబరు కింది వాక్యాలు చదివించాలనిపిస్తుంది.

సరళ_వి
పద్ధతి గొప్పదే గుమాస్తా గారూ. కానీ అది అందరికీ సమానంగా అందిందా? మాకే-బెనెట్ 306 మందిని తీసింది. 116 మందిని మళ్లీ సముద్రంలో వదిలేసింది, 190 మందిని తెచ్చింది. ఎవరిని వదిలారు? ఎక్కువగా మూడో తరగతి వాళ్లను, ఓడ సిబ్బందిని. రేవులో దించేటప్పుడు కూడా మొదటి తరగతి వాళ్లకు శవపేటికలు, మిగతావాళ్లు గుడ్డలో కుట్టి, సిబ్బంది స్ట్రెచర్ల మీద. చచ్చాక కూడా టికెట్టు అడిగారు.

మాకే-బెనెట్ కెప్టెన్ లార్న్‌డర్‌ను విలేకరులు ఇదే అడిగారు. పెద్ద ఆస్తులున్న వాళ్ల విషయంలో వారసత్వ తగాదాలు రావచ్చు కాబట్టి వాళ్లను మందు పూసి భద్రపరచడం మేలనుకున్నాం అన్న అర్థంలో జవాబు చెప్పాడు. బీమా, వీలునామా, కోర్టు. ఆ 116 మందిలో పేరు తెలియకుండానే నీళ్లలోకి పోయినవాళ్లకు ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష చేసే అవకాశం కూడా లేదు.

గుమాస్తా_గిరి
కాదనను. ఒక్క మాట. మందులు చాలలేదు, మందు పూయని శవాన్ని రేవుకు తేనివ్వని నిబంధన ఉంది. అంతమంది దొరుకుతారని ఎవరూ అనుకోలేదు. కొరత వచ్చినప్పుడు ఎవరిని వదులుకున్నారన్నదే మీ ప్రశ్న, దానికి నా దగ్గర సమర్థన లేదు. సముద్రంలో వదిలినవాళ్ల వివరాలు కూడా నంబరుతో సహా రాశారు, సంచులు ఉంచారు. కొందరి పేర్లు అలాగే తెలిశాయి.

నిమ్మతొన
డబ్బున్నవాడి శవానికి కూడా పలుకుబడి ఉంటుంది. కొత్త విషయమా?

లాబ్‌కోటు
మొదటి పోస్టులో ‘మూడుసార్లు మాట మార్చారు’ అన్న వెటకారం ఉంది. అది అన్యాయం. ఏ ఆధారం మీద ఏం చెప్పారో చూస్తే అలా అనరు.

మొదటిది 1912 నాటి ఊహ. వయసు సరిపోయింది, స్వీడన్‌కు చెందిన ఆల్మా పాల్సన్ అనే తల్లి శవం కూడా దొరికింది (206వ నంబరు), ఆమె రెండేళ్ల కొడుకు యోస్టా కూడా పోయాడు. కాబట్టి వాడే అయి ఉంటాడన్నారు. తల్లిని పిల్లవాడి దగ్గరలోనే ఖననం చేశారు.

2001లో తవ్వినప్పుడు దొరికింది మూడు చిన్న పళ్లు, ఆరు సెంటీమీటర్ల ఎముక ముక్క. అక్కడి నేల తడి, ఆమ్లగుణం ఎక్కువ, మిగతాదంతా కరిగిపోయింది. అదే సమయంలో తెరిచిన మరో రెండు సమాధుల్లో మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. ఇక్కడొక విషయం వినండి. ఖననం చేసేటప్పుడు నావికులు ‘మా బిడ్డ’ అని చెక్కించిన రాగి బిళ్ల ఒకటి పెట్టెలో పెట్టారు. ఆ రాగి వల్లే ఎముక ముక్క మిగిలి ఉంటుందని అంటారు.

అంత పాత ఎముకలో మామూలు డీఎన్ఏ నిలవదు. అందుకని మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తారు. అది ప్రతి కణంలో వందల ప్రతుల్లో ఉంటుంది, కాబట్టి ఎక్కడో ఒక ముక్క మిగులుతుంది. మనకు ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు ఇది తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది. అంటే పోల్చడానికి పిల్లవాడి అమ్మమ్మ సంతతిలో, ఆడవాళ్ల వరుసలో, ఇప్పుడు బతికి ఉన్న మనిషి కావాలి. మూడేళ్ల లోపు మగపిల్లలు ఆరుగురు పోయారు. ఆరు కుటుంబాల్లో ఆ వరుస పట్టుకోవడానికి వంశవృక్షాలు తిరగేసేవాళ్లు ఎంత కష్టపడ్డారో, అది ల్యాబ్ పనికంటే పెద్దది.

స్వీడన్ పిల్లవాడు కాదని తేలింది. చివరికి ఇద్దరు మిగిలారు, ఫిన్లాండ్‌కు చెందిన 13 నెలల ఐనో పనులా, ఇంగ్లండ్‌కు చెందిన 19 నెలల సిడ్నీ గుడ్విన్. దురదృష్టం ఏమిటంటే పరీక్షించిన ఆ భాగం ఇద్దరి తల్లుల వరుసలోనూ ఒకటే. పళ్లు చూసిన నిపుణులు ఏడాది అటూ ఇటూ వయసన్నారు. అందుకే పనులా అన్నారు. ఉన్న ఆధారానికి అది సరైన జవాబే.

నిమ్మతొన
మరి 2007లో ఏం మారింది? పళ్లు పెరిగాయా?

హాలిఫాక్స్_చలి
బూట్లు. ఇది నాకు ఇష్టమైన భాగం, నన్ను చెప్పనివ్వండి.

1912లో మృతుల బట్టలన్నీ తగలబెట్టారు. జ్ఞాపకవస్తువులంటూ ఎత్తుకెళ్లి అమ్ముకునేవాళ్లు తయారయ్యారు, అందుకని. ఆ బట్టలకు కాపలా ఉన్న హాలిఫాక్స్ పోలీసు సార్జెంటు క్లారెన్స్ నార్త్‌ఓవర్‌కు ఈ పిల్లవాడి బూట్లను మంటల్లో వేయడానికి మనసొప్పలేదు. స్టేషన్లో తన బల్ల సొరుగులో దాచుకున్నాడు. రిటైరయ్యాక ఇంటికి తీసుకెళ్లాడు. తరాలు మారాక 2002లో ఆయన మనవడు వాటిని ఇక్కడి మారిటైం మ్యూజియానికి ఇచ్చాడు. అద్దాల పెట్టెలో ఉన్నాయి, ముక్కు దగ్గర తోలు అరిగింది. అంటే వేసుకుని నడిచిన పిల్లవాడు.

ఫిన్లాండ్ పిల్లవాడని ప్రకటించాక ఈ బూట్లను చూసినవాళ్లకు సందేహం వచ్చింది. 13 నెలల పిల్లవాడి కాలికి అవి మరీ పెద్దవి. దాంతో మళ్లీ పరీక్షలు మొదలయ్యాయి.

లాబ్‌కోటు
అవును. మైటోకాండ్రియా డీఎన్ఏలో మరో భాగాన్ని అమెరికా సైన్యం ల్యాబ్‌లో చదివించారు. అక్కడ రెండు కుటుంబాల మధ్య తేడా దొరికింది. ఫలితం గుడ్విన్ వైపు వచ్చింది, 98 శాతం నమ్మకంతో. బూట్లు లేకపోతే ఆ రెండో పరీక్ష అడిగేవాళ్లే ఉండేవారు కాదు. ల్యాబ్ మనిషిగా ఇది ఒప్పుకోవడం నాకేమీ చిన్నతనం కాదు.

మూడోకన్ను
నిబంధన ప్రకారం అన్నీ తగలబెట్టమన్నారు. ఒకాయన ఒక్క జత దాచాడు. గుమాస్తా గారూ, మీ రూల్సు పుస్తకం ఏమంటుంది?

గుమాస్తా_గిరి
మెమో ఇస్తాం. తర్వాత చేతులెత్తి దండం పెడతాం.

పాతకాగితాలు
అందరూ రాసింది చదివాను. బార్న్‌స్టెడ్ సంగతి, బూట్ల సంగతి నాకు తెలియదు, బాగున్నాయి. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. గుడ్విన్ కుటుంబం ఎనిమిది మంది. తండ్రి ఫ్రెడరిక్, తల్లి అగస్టా, ఆరుగురు పిల్లలు. ఇంగ్లండ్ నుంచి నయాగరా జలపాతం దగ్గరి ఊరికి వలస వెళ్తూ అందరూ పోయారు. సిడ్నీ ఒక్కడే దొరికాడు. అంటే వాడి పేరు కోసం రాత్రిళ్లు నిద్రపట్టని మనిషి 2001 నాటికి భూమ్మీద ఒక్కరూ లేరు. దూరపు బంధువులు ఉన్నారు, వాళ్లకు ఈ పరిశోధకులు ఫోన్ చేసేదాకా వాడెవరో గుర్తుండి ఉంటుందా?

పైగా ఫిన్లాండ్ కుటుంబం. మీవాడే అని చెప్పారు, వాళ్లు వచ్చి సమాధి చూసుకున్నారు, అయిదేళ్ల తర్వాత కాదన్నారు. వాళ్ల మాటేమిటి? ఆ తల్లి మరియా పనులా, ఆమె అయిదుగురు కొడుకులూ పోయారు. దొరికాడనుకున్న ఒక్కడూ మళ్లీ పోయాడు.

కోరంగి_కుర్రాడు
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. ‘ఎదురుచూసేవాళ్లు లేరు కాబట్టి పేరు అక్కర్లేదు’ అన్నారు, అందుకని రాస్తున్నాను.

మాది కాకినాడ పక్క. 1996 నవంబరు 6 తుఫానుకు మా పెదనాన్న వేటలో ఉన్నాడు. బోటు సరంగు. బోటు రాలేదు, కలాసీలూ రాలేదు. తర్వాత చాలా రోజులు తీరం పొడవునా శవాలు కొట్టుకొచ్చాయి. మా నాన్న ఊరూరూ తిరిగాడు. ఉప్పునీళ్లలో నానిన ముఖం తమ్ముడైనా గుర్తుపట్టలేడు. లుంగీ గళ్లు చూశాడు, మొలతాడు చూశాడు, చేతి మీద పచ్చబొట్టు ఉందేమో చూశాడు. కొన్నిచోట్ల అతను చేరేసరికే పూడ్చేశారు. ఎవరూ నంబరు వేయలేదు, బట్ట ముక్క కూడా దాచలేదు. ఆ హడావిడిలో ఎవరినీ తప్పుపట్టలేం, వాసన, రోగాల భయం. కానీ అలా పూడ్చినవాళ్లలో పెదనాన్న ఉన్నాడో లేడో ఇక ఎప్పటికీ తెలియదు.

పెద్దమ్మ చాలాకాలం బొట్టు తీయలేదు. ఎవరైనా అడిగితే, అండమాన్ వైపు కొట్టుకుపోయినవాళ్లు తిరిగొచ్చారట కదా అనేది. చివరికి దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. మరణ ధ్రువపత్రం కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. మృతదేహం ఏది అని ప్రతి బల్ల దగ్గరా అడిగేవారు.

మా నాన్న పోయాడు, పెద్దమ్మ పోయింది. ఇప్పుడు ఎదురుచూసేవాళ్లు లేరు, మీ లెక్క ప్రకారం. ఎక్కడో ఇసుకలో ఎముక దొరికి, ఎవరో నాకు ఫోన్ చేసి, మీ పెదనాన్నే అంటే నేను ఉద్యోగం మానుకుని వెళ్తాను.

సరళ_వి
కోరంగి గారూ, మీరు రాసింది చదివాక ఏం రాయాలో తోచలేదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు కూడా నెల దాటాక బోటును పైకి తీస్తే లోపల మృతదేహాలు ఉన్నాయి. అప్పటిదాకా ఒడ్డున కూర్చున్నవాళ్లను టీవీలో చూశాం.

పాతకాగితాలు
కోరంగి గారూ, మీ పెదనాన్న విషయంలో మీరు వెళ్లడం నాకు పూర్తిగా అర్థమవుతుంది. మీకు ఆయన తెలుసు, మీ ఇంట్లో ఆయన కథ ఉంది. నేను అడిగేది శతాబ్దం దాటినవాటి గురించి. ఎక్కడో ఒక గీత ఉండాలి కదా?

రాత్రిబండి
గీత ఎక్కడ గీస్తారు? ఆస్ట్రేలియా వాళ్లది చూడండి. 1941 నవంబరు 19న వాళ్ల యుద్ధనౌక సిడ్నీ జర్మన్ నౌక కార్మొరాన్‌తో తలపడి 645 మందితో సహా మునిగింది. ఒక్కరూ బతకలేదు. మూడు నెలలకు, 1942 ఫిబ్రవరిలో, క్రిస్మస్ దీవి దగ్గర ఒక తేలుడు తెప్పలో ఒకే ఒక్క శవం కొట్టుకొచ్చింది. దీవివాళ్లు ఖననం చేశారు. కొద్ది వారాలకే జపాన్ సైన్యం దీవిని పట్టుకుంది, కాగితాలు పోయాయి, సమాధి ఎక్కడుందో కూడా మరిచిపోయారు.

2006లో వెతికి తీశారు. తలలో జర్మన్ గుండు పెంకు ఇరుక్కుని ఉంది, కాబట్టి సిడ్నీ నావికుడేనని ఖాయమైంది. పేరు మాత్రం 2021లో తేలింది, థామస్ వెల్స్‌బీ క్లార్క్. పదిహేనేళ్ల పని. 645 కుటుంబాల్లో ప్రతి ఒక్కరూ ఆ ఒక్క శవం మావాడిదేమో అనుకుంటూ బతికారు. ఒక పేరు తేలితే 644 ఇళ్లలో ఆ ‘ఏమో’ ఆగిపోతుంది. ఇందులో మేలు ఉందో కీడు ఉందో నాకు తెలియదు, కానీ ఇది వట్టి దురద అయితే కాదు.

లాబ్‌కోటు
ఆ నావికుడి విషయంలో డీఎన్ఏ కంటే ముందు పంటి ఎనామిల్ కూడా పనికొచ్చింది. చిన్నప్పుడు తాగిన నీళ్లు, తిన్న తిండిలోని మూలకాల ఐసోటోపులు పంట్లో నిలిచిపోతాయి. దాన్నిబట్టి ఆస్ట్రేలియా తూర్పు వైపు పెరిగాడని చెప్పారు. జన్యువుల నుంచి ఎర్ర జుట్టు, నీలి కళ్లు అని తెలిసింది. అలా జల్లెడ పట్టుకుంటూ వచ్చారు.

ఇదే పని మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా చేశారు, ఓడ కాదు గానీ. పంజాబులోని అజ్నాలాలో పాత బావిలో బయటపడిన అస్థికలు. 1857 తిరుగుబాటు సిపాయిలవన్నారు కొందరు, 1947 విభజన నాటివన్నారు కొందరు. 50 నమూనాల డీఎన్ఏ, 85 నమూనాల ఐసోటోపులు చూసి, వీళ్లు పంజాబువాళ్లు కాదు, గంగా మైదానం నుంచి వచ్చినవాళ్లని 2022లో ప్రకటించారు. 1857లో తిరగబడిన 26వ బెంగాల్ పటాలం గురించి ఉన్న చారిత్రక కథనానికి అది సరిపోయింది. పేర్లు రాలేదు, రావు కూడా. ఎందుకంటే పోల్చడానికి కుటుంబాలు ఎక్కడున్నాయో తెలియదు, అప్పట్లో బావిలోకి తోసినవాళ్లు నంబర్లు వేయలేదు.

నిమ్మతొన
స్వీడన్‌లో వాసా అనే ఓడ 1628లో తొలి ప్రయాణంలోనే మునిగింది. పైకి తీశాక ఒక అస్థిపంజరానికి గుస్తావ్ అని పేరు పెట్టుకున్నారు. 2023లో డీఎన్ఏ చూస్తే ఆడమనిషి. ఇప్పుడు యెర్ట్రూడ్ అంటున్నారు. ఇన్నేళ్లు గుస్తావ్ అని పిలిపించుకున్న ఆవిడ ఓర్పు చూడండి.

మూడోకన్ను
పేర్ల గొడవ అంటే నవ్రాతిల్ సంగతి చెప్పాలి. ఫ్రాన్స్‌లోని నీస్ ఊరివాడు. భార్యతో విడిపోయి, ఆమెకు చెప్పకుండా ఇద్దరు చిన్న కొడుకులను తీసుకుని ‘హాఫ్‌మన్’ అనే దొంగ పేరుతో టైటానిక్ ఎక్కాడు. పిల్లలను పడవలోకి అందించి తను పోయాడు. 15వ నంబరు. హాఫ్‌మన్ అంటే యూదుడై ఉంటాడని యూదుల శ్మశానంలో ఖననం చేశారు, మనిషేమో కాథలిక్కు. పిల్లలిద్దరి ఫోటోలు పత్రికల్లో పడితే తల్లి గుర్తుపట్టి న్యూయార్క్ వెళ్లి తెచ్చుకుంది. తర్వాత అతని అసలు పేరు తెలిసింది, కానీ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఎవరూ కదిలించలేదు.

పాతకాగితాలు
చూశారా, అక్కడ కదిలించలేదు, ఏ ప్రపంచమూ మునిగిపోలేదు!

సరళ_వి
అక్కడ పేరు తెలిసింది కాబట్టి కదిలించాల్సిన అవసరం రాలేదు. రెండూ ఒకటి కాదు.

1941లో జపాన్ దాడికి పెర్ల్ హార్బర్‌లో మునిగిన అమెరికా యుద్ధనౌక ఓక్లహోమా గురించి ఎవరూ చెప్పలేదు. 429 మంది పోయారు. దాదాపు 390 మందిని విడదీయలేక, ఎముకలు కలిసిపోయి, ‘అజ్ఞాతులు’ అని హవాయిలో ఖననం చేశారు. 2015లో మళ్లీ తీసి పరీక్షలు మొదలుపెట్టారు. 2021 డిసెంబరులో చివరికి పేరు దొరకని 33 మందిని మాత్రమే తిరిగి ఖననం చేశారు. తమ్ముడి అస్థికలు అందుకోవడానికి విమానాశ్రయానికి తొంభై ఏళ్ల అక్కలు వచ్చారు. వందేళ్ల గీత అంటారా, వీళ్లు దానికి ఇరవై ఏళ్లు ఇవతల ఉన్నారు. ఇంకో ఇరవై ఏళ్లు ఆగి ఉంటే మీ లెక్కలో ‘అవసరం లేదు’ అయిపోయేది.

పాతకాగితాలు
నా అభిప్రాయం మారలేదు, కానీ కొంచెం సర్దుకుంటాను. వెతకాలనుకుంటే బంధువులే ముందుకు రావాలి, పరిశోధకులు వెళ్లి తలుపు తట్టకూడదు. ఓక్లహోమా విషయంలో కుటుంబాలే అడిగాయి. హాలిఫాక్స్‌లో ఎవరడిగారు?

హాలిఫాక్స్_చలి
ఫిన్లాండ్ కుటుంబం గురించి అడిగారు కాబట్టి గుడ్విన్ కుటుంబం ఏం చేసిందో కూడా చెప్పాలి. బంధువులు 2008 ఆగస్టులో ఇక్కడికి వచ్చి ప్రార్థన జరిపారు. రాయిని మార్చమనలేదు. ‘గుర్తుతెలియని శిశువు’ అనే రాత అలాగే ఉంది, ఆ ఓడలో పోయిన పిల్లలందరి కోసం. ఇప్పటికీ అక్కడ ఎవరు బొమ్మ పెట్టినా అది సిడ్నీకే అని అనుకోనవసరం లేదు, పనులా ఇంటి పిల్లలకు కూడా అది చెందుతుంది. తప్పు చెప్పడం వల్ల ఆ ఇంటికి నొప్పి కలిగింది, అది నిజం. మొదటిసారి అంత గట్టిగా ప్రకటించకుండా ఆగి ఉండాల్సింది.

లాబ్‌కోటు
ఈ చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. పళ్ల వయసు అంచనాను అంత బలంగా వాడకూడదు. ‘ఇద్దరిలో ఒకరు’ అని ఆపితే సరిపోయేది. కానీ పత్రికల్లో ‘ఇద్దరిలో ఒకరు’ అనే శీర్షిక ఎవరు వేస్తారు?

తీరం_గాలి
ఈ చర్చకు సంబంధం ఉందో లేదో, ఒక సాయం కావాలి. మా మేనమామ వేటకు వెళ్లి తిరిగి రాలేదు, ఎనిమిదేళ్లు దాటింది. మృతదేహం దొరకలేదు. అత్తయ్యకు ధ్రువపత్రం ఇవ్వడం లేదు. కోరంగి గారూ, మీవాళ్లు చివరికి ఏం చేశారు?

కోరంగి_కుర్రాడు
మాది తుఫాను కాబట్టి తర్వాత ప్రభుత్వం జాబితా వేసింది, దాని ఆధారంగా వచ్చింది. మీది విడి కేసు. పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ఉండేది, ఏడేళ్లు ఏ కబురూ లేని మనిషి చనిపోయినట్టు భావించవచ్చని. కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. సివిల్ కోర్టులో దావా వేసి, మరణించినట్టు ప్రకటన తెచ్చుకుని, ఆ డిక్రీ చూపిస్తే రిజిస్ట్రార్ ఇస్తారు. వకీలును కలవండి.

గుమాస్తా_గిరి
ఆయన చెప్పింది సరైనదే. తీరం గారూ, వకీలు దగ్గరికి వెళ్లే ముందు కాగితాలు కూడబెట్టుకోండి. తప్పిపోయినట్టు అప్పట్లో పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు ఉందా? దాని తేదీ ముఖ్యం, ఎప్పటినుంచి కబురు లేదో చూపించడానికి పనికొస్తుంది. బోటు రిజిస్ట్రేషను, ఆ రోజు తనతో రేవులో మాట్లాడినవాళ్ల వాంగ్మూలం, మత్స్యశాఖ గుర్తింపు కార్డు, రేషను కార్డులో పేరు. ఫిర్యాదు నకలు లేకపోతే స్టేషనులో సమాచార హక్కు కింద అడగండి. ఇక్కడ ఫోన్ నంబరు పెట్టకండి, నాకు విడిగా సందేశం పంపండి. దరఖాస్తు నేను రాసిపెడతాను.